రాయని గీత: పినాక, రాయ్‌పూర్, బస్తర్

2024 ఆగస్టు 24న రాయ్‌పూర్‌లో కేంద్ర హోంమంత్రి అమిత్ షా విలేఖరుల ముందు ఒక గడువు ప్రకటించారు. 2026 మార్చి నాటికి దేశంలో వామపక్ష తీవ్రవాదం మిగలదన్నారు. ఆ తర్వాత ఆరు వారాలకు, అక్టోబరు మొదటి వారంలో, అదే నగరంలోని సైన్స్ కళాశాల మైదానంలో సైన్యం తన ఆయుధాలను రెండు రోజులపాటు ప్రజల సందర్శనకు పెట్టింది. ఈ రెండింటికీ సంబంధం లేదని అధికారులు అంటారు. ఒప్పుకుందాం. అయినా ఒక సందేహం మిగులుతుంది. సైన్యపు భారీ ఆయుధాలన్నీ సరిహద్దుల కోసం తయారైనవి. రాయ్‌పూర్ నుంచి దక్షిణంగా రెండు, మూడు, నాలుగు వందల కిలోమీటర్ల దూరాన రెండు దశాబ్దాలుగా సాగిన యుద్ధంలో వాటిలో ఒక్కటీ నోరు విప్పలేదు. ఒకే రోజు 76 మంది జవాన్లు చనిపోయినప్పుడు కూడా విప్పలేదు. ఎందుకని? ఆ గీత ఎవరు గీశారు? ఎక్కడ రాసి పెట్టారు? అది ఇకముందూ నిలిచేదేనా?

ఈ ప్రశ్నలకు జవాబు వెతకడానికి ఒక ఆయుధం చరిత్ర బాగా ఉపకరిస్తుంది. అది చక్రాల బండి మీద అమర్చిన బహుళ గొట్టాల రాకెట్ లాంచరు. మన సైన్యంలో దాని స్వదేశీ రూపం పేరు పినాక, అంటే శివుని విల్లు.

ముందు దాని స్వభావం తెలియాలి. ఫిరంగి గుండు మొత్తం శక్తిని గొట్టంలోనే పుంజుకుని బయటపడుతుంది. అందుకే ఫిరంగికి దళసరి ఉక్కు గొట్టం, వెనక్కి తన్నే బలాన్ని తట్టుకునే బరువైన బండి కావాలి. రాకెట్టు అలా కాదు. తన ఇంధనాన్ని తనే మండించుకుంటూ పోతుంది కనుక పలుచని గొట్టం, మామూలు లారీ చాలు. ఈ చౌకతనానికి చెల్లించే మూల్యం గురి. దీపావళి నాడు తారాజువ్వ వెలిగించిన ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు: ఒకటి నిటారుగా పోతుంది, ఒకటి పక్కింటి డాబా మీద పడుతుంది. ఆ లోపాన్ని సైనిక నిపుణులు సంఖ్యతో పూడ్చారు. ఒక్కో రాకెట్టు గురి తప్పుతుందని ముందే తెలుసు కనుక డజన్లకొద్దీ ఒకేసారి వదులుతారు. పినాక లాంచరు ఒక్కొక్కదానిలో 214 మిల్లీమీటర్ల వ్యాసం గల రాకెట్లు 12 ఉంటాయి. ఆరు లాంచర్లు ఒక బ్యాటరీ. ఆరూ కలిసి 44 సెకన్లలో 72 రాకెట్లు వదులుతాయి. మొదటి తరం రాకెట్టు 38 కిలోమీటర్ల వరకూ పోతుంది. ఫలితాన్ని లెక్కకట్టే కొలమానం చూడండి: కిలోమీటరు పొడవు, 800 మీటర్ల వెడల్పు గల నేల. తుపాకికి లక్ష్యం మనిషి. ఫిరంగికి లక్ష్యం ఒక బంకరో, ఒక వంతెనో. దీనికి లక్ష్యం విస్తీర్ణం. ఆ విస్తీర్ణంలో ఎవరున్నారన్నది ఆ యంత్రం అడగని ప్రశ్న.

చక్రాలు ఎందుకంటే, ఇన్ని రాకెట్లు ఒక్కసారి లేచాక ఆ పొగ, ఆ మంట శత్రువుకు చిరునామా చెప్పేస్తాయి. ఎదురుకాల్పులు వచ్చేలోగా అక్కణ్ణుంచి జరిగిపోవాలి. కొట్టడం, కదలడం అనే రెండు పనులూ ఒకే శ్వాసలో జరగాలి.

ఈ ఆయుధం పుట్టుక కథ మనకు చాలా దగ్గరిది. కలాం తన ఆత్మకథలో చెప్పినప్పటి నుంచీ టిపూ సుల్తాన్ రాకెట్ల సంగతి అందరి నోటా ఉంది. దానిలోని గుంటూరు భాగాన్ని మాత్రం మనం మరిచిపోయాం. గుంటూరు సర్కారు అప్పట్లో నిజాం అలీ సోదరుడు బసాలత్ జంగ్ ఆధీనంలో ఉండేది. 1779లో మద్రాసు కంపెనీ ప్రభుత్వం దాన్ని అతని నుంచి రాయించుకుంది. నిజాముకు కోపం వచ్చింది, హైదర్ అలీకి అంతకంటే ఎక్కువ వచ్చింది. రెండో మైసూరు యుద్ధానికి దారితీసిన కారణాల్లో ఇదొకటి. 1780 జులైలో హైదర్ కర్ణాటక ప్రాంతం మీదికి దిగాడు. గుంటూరులో ఉన్న కంపెనీ దళానికి నాయకుడు కర్నల్ విలియం బెయిలీ. హెక్టర్ మన్రో సైన్యంతో కలవమని అతనికి ఉత్తర్వు వచ్చింది. దక్షిణంగా నడిచిన ఆ దళాన్ని కొసస్థలై నది వరద కొన్నాళ్లు ఆపేసింది. సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరు వద్ద హైదర్, టిపూల సేనలు దాన్ని చుట్టుముట్టాయి. రాకెట్టు తగిలిందో, ఫిరంగి గుండు తగిలిందో చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు కాని, బెయిలీ మందుగుండు బళ్లు పేలిపోయాయి. దళం దళమంతా చచ్చింది లేదా చిక్కింది. అంతకుముందు భారతదేశంలో కంపెనీ అంత ఘోరంగా ఎన్నడూ ఓడిపోలేదు.

మైసూరు వాళ్ల ప్రత్యేకత ఇనుప గొట్టం. అంతకుముందు వెదురు బొంగులోనో, కాగితపు గొట్టంలోనో మందు కూరేవారు. ఇనుప గొట్టంలో ఎక్కువ మందు, ఎక్కువ ఒత్తిడితో మండుతుంది కనుక దూరం పెరిగింది. ఆ రోజుల్లో ఈ రాకెట్టును 'బాణ్' అనేవారు. మన బాణసంచాలో ఆ మాట ఇంకా బతికే ఉంది. యుద్ధంలో పుట్టిన పదం పండుగలో స్థిరపడింది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక అక్కడ దొరికిన రాకెట్లు ఇంగ్లండు చేరాయి. విలియం కాంగ్రీవ్ వాటిని మెరుగుపరిచాడు. 1807లో బ్రిటిష్ వాళ్లు మోర్టార్లతో పాటు ఆ రాకెట్లను కోపెన్‌హేగన్ మీద ప్రయోగించారు. శత్రు సైన్యం మీద కాదు, ఒక నగరం మీద. విస్తీర్ణాన్ని కొట్టే ఆయుధం చేతికొస్తే దానికి అనువైన విస్తీర్ణం ఊరేనని తట్టడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

ఆ తర్వాత ఫిరంగుల గురి బాగా మెరుగుపడి రాకెట్టు వెనకబడింది. దానికి మళ్లీ ప్రాణం పోసింది సోవియట్ యూనియన్. 1941 జులై 14న కెప్టెన్ ఇవాన్ ఫ్ల్యోరోవ్ నాయకత్వంలో లారీల మీద అమర్చిన లాంచర్ల బ్యాటరీ ఓర్షా రైల్వే స్టేషన్ మీద, అక్కడ నిలిచిన జర్మన్ రైళ్ల మీద విరుచుకుపడింది. ప్రపంచం దాన్ని కత్యూషా అంటుంది. అందరికీ తెలిసిన ఆ కథకు ముందుమాట లాంటిది ఒకటుంది. ఆ రాకెట్ల పరిశోధన నడిపిన సంస్థ అధిపతి ఇవాన్ క్లెయ్‌మ్యోనొవ్‌ను, ప్రధాన ఇంజనీరు గియోర్గి లాంగెమాక్‌ను 1938 జనవరిలోనే స్టాలిన్ ప్రభుత్వం ప్రజాశత్రువులని ముద్రవేసి కాల్చి చంపింది. అదే సంస్థలో పనిచేసిన సెర్గీ కొరొల్యోవ్‌ను కొలీమా శిబిరాలకు పంపింది. చంపబడ్డ ఇద్దరికీ 1991లో, ఆ దేశమే కనుమరుగయ్యే ఏడాదిలో, సోవియట్ అత్యున్నత పౌర బిరుదు ఇచ్చారు. సరిహద్దు ఆవల ఉన్న శత్రువుకూ ఇంట్లో ఉన్న 'శత్రువు'కూ తేడా చెరిపేసుకున్న రాజ్యం తన ఆయుధాన్ని తయారుచేసేవాళ్లనే ముందుగా మింగిందన్నమాట.

కత్యూషా వారసుడు 1963లో వచ్చిన గ్రాద్. 122 మిల్లీమీటర్ల రాకెట్లు 40, అన్నీ పేల్చడానికి 20 సెకన్లు. మన సైన్యమూ దాన్ని కొన్నది. దాని స్థానంలో ఎక్కువ దూరం కొట్టే స్వదేశీ వ్యవస్థ కావాలని 1986 డిసెంబరులో పినాకకు అనుమతి వచ్చింది. పుణెలోని డీఆర్‌డీవో ప్రయోగశాల ఆరేళ్లలో పూర్తి చేయాల్సింది. పూర్తికాలేదు. మన రక్షణ ప్రాజెక్టుల చరిత్ర తెలిసినవాళ్లకు ఆశ్చర్యమేమీ కలగదు. 1999 వేసవిలో కార్గిల్ కొండల మీద ఇంకా పరీక్షల దశలోనే ఉన్న పినాకను తీసుకెళ్లి వాడారు. శిఖరాల మీద తిష్ఠ వేసిన చొరబాటుదారుల స్థావరాల చుట్టుపక్కల పౌరులు లేరు. విస్తీర్ణాన్ని కొట్టే ఆయుధానికి అంతకంటే నిర్దోషమైన సందర్భం దొరకదు. మరుసటి ఏడాది అది సైన్యంలో చేరింది.

ఆ లాంచరును మోసే టట్రా లారీ కూడా మన రాజకీయాల్లో ఒక అధ్యాయమే. నాసిరకం వాహనాల కొనుగోలుకు ఒప్పుకుంటే 14 కోట్ల రూపాయలు ఇస్తామని తన దగ్గరికి వచ్చారని 2012 మార్చిలో అప్పటి సైన్యాధిపతి వి.కె. సింగ్ బయటపెట్టారు. పార్లమెంటు దద్దరిల్లింది, సీబీఐ దర్యాప్తు మొదలైంది. ఆ గొడవంతా లారీ ధర గురించి, మధ్యవర్తుల గురించి. లారీ మీద ఉన్నదాన్ని ఎక్కడ వాడవచ్చు, ఎక్కడ వాడకూడదు అని ఆ సభల్లో అడిగినవారు లేరు.

కాని ఆ ప్రశ్న అంతకు రెండేళ్ల ముందే రాయ్‌పూర్ నుంచి దిల్లీ దాకా గట్టిగా వినిపించింది. 2010 ఏప్రిల్ 6న దంతెవాడ జిల్లా తాడిమెట్ల దగ్గర మావోయిస్టులు మాటువేసి 76 మంది భద్రతా సిబ్బందిని చంపారు. వారిలో 75 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు, ఒకరు రాష్ట్ర పోలీసు. దేశం నివ్వెరపోయింది. సైన్యాన్ని దించాలని, విమానాలు వాడాలని టీవీ చర్చల్లో వీరులు పుట్టుకొచ్చారు. అప్పటి హోంమంత్రి చిదంబరం అవసరమైతే వైమానిక శక్తి విషయంలో ఆదేశాన్ని పునఃపరిశీలించాల్సి వస్తుందన్నారు. అప్పుడు అడ్డుచెప్పింది ప్రతిపక్షం కాదు, న్యాయస్థానమూ కాదు. వైమానిక దళాధిపతి పి.వి. నాయక్. తమ ఆయుధాలు సరిహద్దు ఆవలి శత్రువుకు గరిష్ఠ నష్టం కలిగించడానికి తయారైనవని, పరిమిత ప్రాణనష్టంతో సరిపెట్టే యుద్ధానికి తమ శిక్షణ పనికిరాదని, కనుక నక్సల్ సమస్యలో వైమానిక దళాన్ని దాడికి వాడటానికి తాను సుముఖంగా లేనని ఆయన బహిరంగంగానే చెప్పారు. సైన్యం కూడా శిక్షణ, సలహా వరకే పరిమితమైంది. హెలికాప్టర్లు గాయపడ్డవాళ్లను మోశాయి, బలగాలను దించాయి, ఆత్మరక్షణకు మాత్రమే కాల్పులకు అనుమతి పొందాయి. అంతటితో ఆ చర్చ ముగిసింది.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. నాయక్ మాటలు గౌరవించదగినవి. ఒక దళాధిపతి నా ఆయుధం ఈ పనికి తగదు అని చెప్పడం ప్రజాస్వామ్యానికి మేలుచేసిన క్షణం. అయితే ఆయన వాదన ఏ పునాది మీద నిలబడింది? ఆయుధం స్వభావం మీద. మా బాంబు పెద్దది, మా రాకెట్టుకు మనిషికీ మనిషికీ తేడా తెలియదు, కనుక మా పౌరుల మధ్య వాడలేం అన్నది దాని సారం. అది సాంకేతికమైన అభ్యంతరం. సాంకేతికమైన అభ్యంతరాన్ని సాంకేతికత తొలగించగలదు.

తొలగిస్తోంది కూడా. పినాక ఇప్పుడు మునుపటి పినాక కాదు. పుణె ప్రయోగశాలలతో పాటు మన హైదరాబాదులోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్, డీఆర్‌డీఎల్ కలిసి దానికి దిశానిర్దేశ వ్యవస్థ అమర్చాయి. ఆ మార్గనిర్దేశిత రాకెట్టు దూరం 75 కిలోమీటర్లకు చేరింది. 2024 నవంబరులో దాని నిర్ధారణ పరీక్షలు ముగిశాయి. తారాజువ్వకు చూపు వచ్చింది. 72 వదిలితే చాలుననుకునే చోట ఒకటో రెండో చాలు. విస్తీర్ణాన్ని కొట్టే ఆయుధం బిందువును కొట్టే ఆయుధంగా మారుతోంది. సరిహద్దులో ఇది నిస్సందేహంగా మేలు, పౌర నష్టం తగ్గుతుంది. అయితే దేశం లోపల 2010 నాటి గీతకు ఆధారమైన వాదన దీనితో కరిగిపోతుంది. గురి తప్పుతుంది కనుక వద్దు అన్నవాడికి, ఇక తప్పదుగా అని జవాబు వస్తుంది. అప్పుడేం చెబుతాం?

ఆ జవాబు ఇప్పటికే వినిపిస్తోందనడానికి సూచనలున్నాయి. 2021 నుంచి పలుమార్లు బీజాపూర్, సుక్మా జిల్లాల సరిహద్దు గ్రామాలవాళ్లు తమ పొలాల దగ్గర, అడవుల్లో డ్రోన్లతో బాంబులు వేశారని ఆరోపించారు. పోలీసులు ప్రతిసారీ ఖండించారు. ఎవరి మాట నిజమో తేల్చే స్వతంత్ర విచారణ జరగకపోవడమే ఇక్కడ అసలు విషయం. గీత ఉందని నమ్ముతున్నాం. దాన్ని ఎవరైనా దాటారో లేదో చూసే కన్ను లేదు.

మన రాజ్యం ఆ గీతను అసలెన్నడూ దాటలేదన్నది కూడా నిజం కాదు. 1966 మార్చి మొదటి వారంలో మిజో తిరుగుబాటు సమయంలో వైమానిక దళం ఐజోల్ మీద బాంబులు వేసింది. దశాబ్దాల పాటు దిల్లీ ఆ మాట ఎత్తలేదు. 2023 ఆగస్టులో అవిశ్వాస తీర్మానంపై చర్చలో ప్రధాని మోదీ దాన్ని లోక్‌సభలో ఎత్తారు, కాంగ్రెస్‌ను ఇరుకున పెట్టడానికి. సొంత పౌరుల మీద బాంబులు వేయడం తప్పు అని ఈ దేశ ప్రధాని సభలో అన్నారంటే, ఆయన ఉద్దేశం ఏదైనా, అది నమోదై ఉండాల్సిన మాట. ఆ మాటను నియమంగా మార్చమని అడిగే ప్రతిపక్షం ఆ రోజు సభలో కనిపించలేదు.

తెలుగువాళ్లకు అంతకంటే దగ్గరి అనుభవం ఉంది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానంలో అడుగుపెట్టిన భారత సైన్యం నిజాం లొంగిపోగానే వెళ్లిపోలేదు. కమ్యూనిస్టుల సాయుధ పోరాటాన్ని అణచడానికి తెలంగాణలో ఉండిపోయింది. 1951 అక్టోబరులో పార్టీ పోరాటాన్ని విరమించేదాకా ఆ వేట సాగింది. గోదావరి అడవుల్లో కోయ గూడేలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాలకు తరలించారు. మలయాలో బ్రిటిష్ వాళ్లు అదే సమయంలో అనుసరించిన పద్ధతి అది. అప్పుడు రాకెట్ లాంచర్లు లేవు. ఆలోచన మాత్రం ఉంది: మనిషిని పట్టుకోలేకపోతే అతను తిరిగే విస్తీర్ణాన్ని ఖాళీ చెయ్యి. 2005లో సల్వాజుడుం వచ్చినప్పుడు బస్తర్‌లో జరిగింది కూడా ఇదే. ఊళ్లు శిబిరాలయ్యాయి, వేలమంది గోదావరి దాటి నాటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చి పడ్డారు. ఇవాళ భద్రాద్రి, ములుగు జిల్లాల్లో గొత్తికోయల గుడిసెలు చూసే ప్రతివారూ ఆ సంవత్సరాల శేషాన్ని చూస్తున్నట్టే. విస్తీర్ణాన్ని గురి చూడటం ఆయుధం కంటే ముందు ఒక ఆలోచన.

మావోయిస్టులకు ఆ ఆలోచన అంటలేదని చెప్పడం ఆత్మవంచన. 2006 సెప్టెంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పోలీసులు మహబూబ్‌నగర్, ప్రకాశం జిల్లాల్లో వందలకొద్దీ రాకెట్లు, వాటి విడిభాగాలు, లాంచర్లు పట్టుకున్నారు. చెన్నై శివార్లలోని అంబత్తూరు పారిశ్రామికవాడలో చిన్న చిన్న కార్ఖానాలకు విడివిడిగా పనులిచ్చి చేయించారు. ఎవరికి వారు ఏదో యంత్రపు భాగం అనుకున్నారు. మామూలు సరుకుతో పాటే లారీల్లో పంపారు. భారతదేశంలో ఒక తిరుగుబాటు సంస్థ పారిశ్రామిక స్థాయిలో రాకెట్లు తయారు చేయించబోయిన సందర్భం అది. పట్టుబడ్డాక అంత పెద్ద ప్రయత్నం మళ్లీ బయటపడలేదు. బస్తర్ అడవుల్లో నాటు కార్ఖానాల్లో బారెల్ గ్రెనేడ్ లాంచర్ల పేరుతో మరో రూపం తీసుకుంది. 2021 ఏప్రిల్‌లో టేకులగూడెం దగ్గర 22 మంది జవాన్లు చనిపోయిన దాడిలో వాటిని వాడారు. ఆ సంస్థ సైనిక వ్యవహారాలను ఏళ్ల తరబడి నడిపి, తర్వాత ప్రధాన కార్యదర్శి అయిన నంబాళ్ల కేశవరావు శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేటవాడు, వరంగల్ రీజినల్ ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థి. 2025 మే 21న నారాయణపూర్ అడవుల్లో ఎన్‌కౌంటర్లో చనిపోయాడు. ఒక వైపు ఇమారత్‌లో రాకెట్టుకు చూపునిచ్చిన తెలుగు ఇంజనీర్లు, మరో వైపు అడవిలో మందుపాతర్లకు వైర్లు కలిపిన తెలుగు ఇంజనీరు. మందుపాతర కూడా ఎవరు తొక్కారని అడగదు. తునికాకు కోతకు వెళ్లి కాళ్లు పోగొట్టుకున్న ఆదివాసీలు ఏ పార్టీ లెక్కలోనూ అమరులు కారు.

అయినా రాజ్యానికీ తిరుగుబాటుదారుకూ ఒకే కొలబద్ద పెట్టలేం. తిరుగుబాటుదారు చట్టాన్ని కాదని వచ్చినవాడు. రాజ్యం చట్టం పేరుతో వచ్చింది. ఆ చట్టంలో ఏముందో వెతికితే దొరికేది కొంచెమే. చట్టవిరుద్ధ సమూహాన్ని చెదరగొట్టడానికి సైన్యాన్ని పిలిస్తే వీలైనంత తక్కువ బలం వాడాలని, మనుషులకూ ఆస్తికీ వీలైనంత తక్కువ హాని చేయాలని వలస కాలపు నేర శిక్షాస్మృతి చెప్పింది. ఆ వాక్యం ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 149వ సెక్షనుగా ఉంది. కాని అది వీధిలోని గుంపు గురించి. అడవిలోని సాయుధ పోరాటం గురించి, ఏ తరహా ఆయుధం దేశం లోపల నిషిద్ధమన్నదాని గురించి మన చట్టాల్లో ఒక్క వాక్యం లేదు. సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టం ఎప్పుడు కాల్చవచ్చో చెబుతుంది, దేనితో కాల్చకూడదో చెప్పదు. అంతర్యుద్ధాలకు వర్తించే జెనీవా రెండో అదనపు ఒప్పందంలో భారత్ చేరలేదు.

బస్తర్ విషయంలో రాజ్యానికి ఎదురుగా పడ్డ రాతపూర్వకమైన గట్టి మాట ఒక్కటే, సుప్రీంకోర్టుది. 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ఇచ్చిన తీర్పు. ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారుల పేరుతో ఆయుధాలిచ్చి పోరుకు దించడం రాజ్యాంగ విరుద్ధమన్నది దాని సారాంశం. రాజ్యం లక్ష్యం ఎంత న్యాయమైనదైనా సాధనం రాజ్యాంగానికి లోబడాలన్నది ఆ తీర్పు వెన్నెముక. పద్నాలుగేళ్ల తర్వాత సుదర్శన్ రెడ్డి ఉపరాష్ట్రపతి పదవికి పోటీ చేసినప్పుడు ఆ తీర్పు నక్సలిజానికి తోడ్పడిందని హోంమంత్రి విమర్శించారు. అది ఆయన అభిప్రాయం. సాధనాల మీద హద్దు పెట్టడమంటే శత్రువుకు సాయపడటమే అనే తర్కం దిల్లీలో ఎంత సహజమైపోయిందో మాత్రం ఆ విమర్శ చూపించింది.

సరిహద్దు వైపు కూడా హద్దులు బిగిసేలా లేవు. 2025 ఫిబ్రవరిలో రక్షణశాఖ పినాక రాకెట్ల కోసం 10,147 కోట్ల రూపాయల ఒప్పందాలు చేసుకుంది. అందులో ఒక రకం గాలిలో విచ్చుకుని చిన్న చిన్న బాంబులను వెదజల్లేది. ఆ నేలలోకి శత్రువు అడుగుపెట్టకుండా చేయడం దాని పని అని పేరులోనే ఉంది. వెదజల్లే బాంబులన్నీ పేలవు. కొన్ని నేలలో నిద్రపోతాయి. 1964 నుంచి 1973 వరకు లావోస్ మీద అమెరికా వేసిన 27 కోట్లకు పైగా చిన్న బాంబుల్లో దాదాపు 8 కోట్లు పేలకుండా ఉండిపోయాయని అంచనా. యాభై ఏళ్లు దాటినా అక్కడి రైతు పలుగు దించడానికి జంకుతాడు. ఈ రకం ఆయుధాలను నిషేధించే 2008 అంతర్జాతీయ ఒప్పందంలో భారత్ లేదు, చైనా, పాకిస్తాన్ కూడా లేవు. వాళ్లు చేరకుండా మనం చేరితే ఎలా అన్న వాదనలో బలం ఉంది, కాదనను. అయితే 10 వేల కోట్ల ఒప్పందం మీద ఆ సంవత్సరం దేశంలో జరిగిన బహిరంగ చర్చ ఎంత? స్వదేశీ తయారీ, ఎగుమతి, ఆర్మేనియా కొనుగోలు అన్న మూడు మాటల్లో వార్త ముగిసింది.

చివరిగా నేల సంగతి. దూరానికీ, సాధన చేసే మైదానానికీ తెలుగులో మనం వాడే మాట ఒకటే: రేంజ్. ఆయుధం రేంజ్ పెరిగితే దాన్ని పరీక్షించే రేంజ్ కూడా పెరగాలి. ఆ నేల ఎవరిది? జార్ఖండ్‌లోని నేతర్‌హాట్‌లో 1964 నుంచి మూడు దశాబ్దాలు సైన్యం ఫిరంగుల సాధన చేసింది. కాల్పులు జరిగిన రోజుల్లో ఆదివాసీలు పిల్లాపాపలతో, పశువులతో ఊరు విడిచి పోవాలి. సాయంత్రం తిరిగొస్తే పొలంలో పేలని గుండు ఉండొచ్చు. 1990ల మొదట్లో, దాన్ని శాశ్వతం చేసి విస్తరించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, వాళ్లు రోడ్లకు అడ్డంగా కూర్చున్నారు. సైన్యం వెనుదిరిగింది. కాగితం మీద మాత్రం ఆ నోటిఫికేషన్ బతికే ఉంది. 2022 ఆగస్టులో హేమంత్ సోరెన్ ప్రభుత్వం దాన్ని పొడిగించకుండా వదిలేసింది. పేలుడు లేని, శత్రువు లేని ఆ కేసు తేలడానికి మొత్తం 58 ఏళ్లు పట్టింది.

రాయ్‌పూర్‌లో అమిత్ షా గడువు ప్రకటించిన ఆ ఆగస్టు నెలలోనే ఛత్తీస్‌గఢ్ రెవెన్యూ శాఖ నారాయణపూర్ కలెక్టరుకు ఒక లేఖ రాసిందని వార్తలు వచ్చాయి. సైన్యపు విన్యాస క్షేత్రం కోసం అబూజ్‌మడ్‌లో 54 వేల హెక్టార్లకు పైగా భూమి గురించి ఆ లేఖ. అబూజ్‌మడ్ మాడియా గోండుల నేల. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కూడా దశాబ్దాల పాటు రెవెన్యూ సర్వే చేరని ప్రాంతం అది, కనుక అక్కడి చాలామంది చేతిలో తమ పొలానికి పట్టా కాగితం లేదు. 54 వేల హెక్టార్లంటే 540 చదరపు కిలోమీటర్లు. పినాక బ్యాటరీ ఒక్కసారి కొట్టే విస్తీర్ణం చదరపు కిలోమీటరులో ఐదింట నాలుగు వంతులు. యుద్ధం నడిచినన్నాళ్లూ ఫిరంగులు రాని చోటికి యుద్ధం ముగిశాక, శాంతి పేరుతో, సాధన కోసం అవి రావచ్చు. గ్రామసభల సమ్మతి తీసుకుంటారా, అటవీ హక్కుల చట్టం కింద పట్టాలు ముందిస్తారా, ఏ తరహా ఆయుధాలకు అనుమతిస్తారు అన్న మూడు ప్రశ్నలు రాయ్‌పూర్ శాసనసభలో అడగవలసినవి. నాలుగోది దిల్లీలో అడగాలి: పి.వి. నాయక్ నోటిమాటగా చెప్పిన గీతను చట్టంలో ఎప్పుడు రాస్తారు?